చెంచాడు తేమకు బిందెడు నీళ్లా?

ఇంట్లో చిన్న మొక్కల పెట్టె పెట్టుకున్నవాళ్లు ఎండాకాలంలో ఎవరిని అడిగినా ఒకే మందుచీటీ రాసిస్తారు. ఆకు అంచు ఎండిందా, నీళ్లు కొట్టు. మీటరులో తేమ 30 దాటడం లేదా, అడుగున నీళ్ల పళ్లెం పెట్టు. ఒక పళ్లెంతో కాలేదా, రెండు పెట్టు. దానితోనూ కాకపోతే తెల్లటి పొగ కక్కే హ్యుమిడిఫైయర్ కొను. తేమ అంటే నీళ్లే కాబట్టి నీళ్లు పోస్తే తేమ పెరుగుతుందట. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. తప్పుమాట పదిమందిలో నిలబడాలంటే ఇలాగే సబబుగా వినబడాలి మరి.

నేననేది ఇదీ. చిన్న పెట్టెలో తేమ పడిపోవడానికి నీళ్లు చాలకపోవడం దాదాపు ఎప్పుడూ కారణం కాదు. ఉన్న తేమను మనమే ఫ్యాన్ పెట్టి బయటికి తోస్తున్నాం. మిగిలిన దాన్ని దీపం వేడితో చాలకుండా చేస్తున్నాం. ఆ రెండూ సరిచేయకుండా ఎన్ని నీళ్లు పోసినా చిల్లికుండకు నీళ్లు మోసినట్టే. పైగా ఆ మోత మోసేది మనమైనా, దెబ్బ తినేది మొక్క.

మాది సదాశివనగర్. కామారెడ్డి నుంచి నిజామాబాద్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీది మండల కేంద్రం. శివరాత్రికి చలి పోయిందంటే మళ్లీ మృగశిర కార్తె వచ్చేదాకా ఇక్కడి గాలికి తీరని దాహం. ఆరేసిన పంచె అరగంటలో అప్పడమవుతుంది. వానాకాలంలో బిగుసుకుపోయి తెరుచుకోని తలుపు, ఏప్రిల్లో వదులై గాలికి కొట్టుకుంటుంది. మధ్యాహ్నం పూట నా మీటరు 22, 24 చూపించిన రోజులున్నాయి. ఆ గాలిలో కొత్తిమీర మొలవదు, మొలిచినా నిలవదు. అంగడిలో కట్ట ధర అడగాలంటే భయం. అందుకే ప్లైవుడ్‌తో ఒక పెట్టె కట్టాను. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు. లోపల తెల్ల సున్నం, పైన 50 వాట్ల ఎల్‌ఈడీ దీపం, వెనక పాత కంప్యూటర్ నుంచి పీకిన ఫ్యాన్. కొత్తిమీర, పుదీనా, మిరప నారు, టమాటా నారు దాని కాపురం.

మొదటి ఎండాకాలం నేనూ అందరి మాటే విన్నాను. గంటకోసారి స్ప్రే బాటిల్ పట్టుకుని నిలబడేవాణ్ని. కొట్టగానే మీటరు 60కి ఎగిరేది. అది చూసి ఒక సంతోషం. టీ తాగి వచ్చేసరికి మళ్లీ 30. మళ్లీ కొట్టడం. మూడో వారంలో మిరప నారుకు కాడ మొదట్లో నీరుపట్టినట్టయి, సన్నబడి, దారం తెగిన పూసల్లా ఒక్కొక్కటే పక్కకు ఒరిగాయి. నారుకుళ్లు. ఎండ చంపుతుందని భయపడిన నారును నేను నీళ్లతో చంపాను. గాలి మాత్రం అప్పటికీ ఎండిపోయే ఉంది. మట్టి బురద, ఆకు తడి, గాలి ఎడారి. ఈ మూడూ ఒకే పెట్టెలో ఎలా కుదిరాయన్నదే నన్ను లెక్కలోకి దింపింది.

గాలిని ఒక పాత్ర అనుకోండి. చల్లటి గాలి చెంబు, వేడి గాలి బిందె. 20 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి పట్టగలిగే నీటి ఆవిరి సుమారు 17 గ్రాములు. 30 డిగ్రీల్లో 30 గ్రాములు. 40 డిగ్రీల్లో 51 గ్రాములు. మీటరు చూపే అంకె ఆ పాత్ర ఎన్నో వంతు నిండిందో చెబుతుంది, అంతే. పాఠ్యపుస్తకం దాన్నే సాపేక్ష ఆర్ద్రత అంటుంది.

నా పెట్టెలో పట్టే గాలి ఘనపు మీటరులో సగం కూడా లేదు, 0.45. 30 డిగ్రీల్లో ఆ గాలి నిండా పట్టే ఆవిరి 13.7 గ్రాములు. మీటరు 30 శాతం చూపుతున్నప్పుడు లోపల ఉన్నది 4.1 గ్రాములు. నాకు కావలసింది 70 శాతం, అంటే 9.6 గ్రాములు. తేడా ఐదున్నర గ్రాములు.

ఐదున్నర గ్రాముల నీళ్లంటే ఒక టీ చెంచాడు. ఆ చెంచాడు కోసం నేను రోజుకు లీటరున్నర నీళ్లు కొట్టాను. చెంచాడు చాలిన చోట లీటరున్నర చాలలేదంటే లోటు నీళ్లలో లేదు. పోతున్న దారి ఎక్కడో ఉంది.

ఆ దారి పెట్టె వెనకే గిర్రున తిరుగుతోంది. అరచేతంత కంప్యూటర్ ఫ్యాన్‌ని చిన్నచూపు చూడకండి. గంటకు 50 ఘనపు మీటర్ల గాలి తోసే ఫ్యాన్ అనుకుంటే, 0.45 ఘనపు మీటర్ల పెట్టెలో గాలి గంటకు 111 సార్లు మారిపోతుంది. అంటే నిమిషానికి దాదాపు రెండుసార్లు. మారిన ప్రతిసారీ మన చెంచాడు తేమ గదిలోకి పోయి, గదిలోని ఎండు గాలి లోపలికి వస్తుంది. 70 శాతం నిలబెట్టాలంటే గంటకు 600 గ్రాముల పైచిలుకు నీటిని ఆవిరి చేస్తూ ఉండాలి. దీపం వెలిగే 12 గంటలకు ఏడు లీటర్లు. ప్లైవుడ్ అడ్డుపడి ఫ్యాన్ సగమే లాగుతుందనుకున్నా మూడున్నర లీటర్లు. పళ్లెంలో కదలకుండా కూర్చున్న నీళ్లు ఈ పని ఎక్కడ చేస్తాయి? పళ్లెం పైన వెడల్పున్నంత మేరే ఆవిరి లేస్తుంది. రెండు పళ్లేలు పెట్టినా, నాలుగు పెట్టినా ఫ్యాన్‌తో పందెం గెలవవు.

ఇదే ఫ్యాన్‌ని గంటకు నాలుగే నిమిషాలు తిప్పితే? గాలి ఏడుసార్లు మారుతుంది. పోయే తేమ గంటకు 40 గ్రాములు. 12 గంటలకు అర లీటరు. నీళ్లు చుక్క కూడా పెంచలేదు, స్విచ్ ఒకటి తిప్పాం. అవసరం ఏడు లీటర్ల నుంచి అర లీటరుకు దిగింది. తేమ పెంచడమెలా అని అడిగినవాడికి ముందు చెప్పాల్సిన మాట ఇది. ఎవరూ చెప్పరు.

ఎవరూ అనడం తప్పు. ఒకామె చెప్పింది. మా గల్లీలో బీడీలు చేసే పెద్దమ్మ. కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల్లో బీడీల చాట కనబడని వాడ అరుదు. ఆమె సాయంత్రం తునికాకు కట్టలు విప్పి నీళ్లలో ముంచి, దులిపి, తడి గోనెసంచిలో చుట్టి మూలన పెడుతుంది. తెల్లారేసరికి ఆకు మెత్తబడి చెప్పినట్టు వింటుంది. అప్పుడు కత్తెర పెడుతుంది. కోసిన ఆకు మీద కూడా తడిబట్ట కప్పుకుంటుంది. లేకపోతే ఎండాకాలం గాలికి చాటలోనే బిరుసెక్కి, చుట్టబోతే పగులుతుంది. ఒకరోజు కొత్తిమీర అడగడానికి వచ్చింది. నేను గంటలో మూడోసారి నీళ్లు కొడుతున్నాను.

"గన్ని నీళ్లెందుకు కొడ్తున్నవ్ బిడ్డా?"

"తేమ నిలుస్తలేదు పెద్దమ్మా."

"ఎట్ల నిలుస్తది? ఎనక పంక తిరగవట్టె. నేను ఆకును రాత్రంత నీళ్లల్ల పెడ్తనా? ఒక్కపారి తడుపుత, కప్పి పెడ్త. నీళ్లల్లనే ఉంచితె ఆకు కుళ్తది."

ఇందులో నేను పైన వేసిన లెక్క అంతా ఉంది. తడపడం ఒక్కసారి, కప్పి ఉంచడం రాత్రంతా. మన రైతులు వడ్లు మండె కట్టేది కూడా ఇదే పద్ధతి. ఒక రోజు నానబెట్టి, నీళ్లు వార్చేసి, గోనెసంచిలో మూటగట్టి, పైన గడ్డి కప్పి మరో రోజు ఉంచుతారు. మొలక నీళ్లలో రాదు, నీళ్లు వార్చాక మూటలో వస్తుంది. వార్చడం మరిచిపోతే విత్తనం మురిగి వాసనేస్తుంది. మిరప నారు పెంచే షేడ్‌నెట్ నర్సరీకి వెళ్లి చూడండి. కొబ్బరిపొట్టు నింపిన ప్రోట్రేలలో గింజ వేసి, తడిపి, ట్రేల మీద ట్రేలు దొంతర పేర్చి, పైన పాలిథిన్ షీటు కప్పేస్తారు. మొలక తల ఎత్తేదాకా షీటు తీయరు, గంటగంటకూ నీళ్లూ కొట్టరు. అమ్మకానికి లక్షల మొక్కలు పెంచేవాడు కప్పి పెడుతుంటే, పది మొక్కలు పెంచే మనం ఫ్యాన్ తిప్పుకుంటూ నీళ్లు కొడుతున్నాం.

అసలు మనం చేస్తున్నదేమిటో తెలుసా? కూలర్ నడుపుతున్నాం. కూలర్ పెట్టినప్పుడు ఎదురుగా కిటికీ తెరిచి ఉంచాలని మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. మూసిన గదిలో కూలర్ వేస్తే కాసేపటికి గాలి చెమ్మగిల్లి ఒళ్లు జిగటవుతుంది. కూలర్‌కు తేమ శత్రువు, అందుకని కిటికీలోంచి పంపేస్తాం. మొక్కల పెట్టెకు తేమ కావాలి, అయినా వెనక కిటికీ తెరిచి ఫ్యాన్ పెడుతున్నాం. కిటికీ మూస్తే ఏమవుతుందో కూలర్ గదిలో ఒళ్లంతా తెలిసినవాళ్లం, పెట్టె దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతున్నాం.

ఇక రెండో దొంగ దీపం. జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాక గదిలో 28 డిగ్రీలు, 50 శాతం తేమ ఉందనుకుందాం. ఘనపు మీటరుకు 13.6 గ్రాముల ఆవిరి. అదే గాలి పెట్టెలోకి వచ్చి దీపం వేడికి 35 డిగ్రీలకు ఎక్కితే మీటరు 34 చూపిస్తుంది. ఆవిరి ఒక్క గ్రాము కూడా బయటికి పోలేదు. చెంబులో నీళ్లు బిందెలోకి వంపాం, బిందె వెలితిగా కనబడింది. ఇక్కడ నీళ్లు కొట్టడమంటే బిందెను నింపబోవడం. మళ్లీ చెంబులోకి వంపుకోవడం తేలిక. పెట్టెను 35 నుంచి 31కి దించితే చాలు, అదే ఆవిరితో అంకె 42కి ఎక్కుతుంది. దించడానికి చేయాల్సిందీ పెద్దగా లేదు. ఎల్‌ఈడీ దీపానికి కరెంటు మార్చే డ్రైవర్ డబ్బా ఒకటి ఉంటుంది, ముట్టుకుంటే చురుక్కుమంటుంది. దాన్ని పెట్టె బయటికి తెచ్చి స్క్రూ బిగించాను. దీపాన్ని పగలు మానేసి రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు దాకా వెలిగించాను. మొక్కకు అది పగలో రాత్రో తెలియదు, దీపమే దాని సూర్యుడు. మధ్యాహ్నం మండే గాలిలో దీపం వేడి కలపడం మానేసరికి నా కష్టం సగం తీరింది.

ఇక్కడే ఇంకో భ్రమను కూడా కడిగేయాలి. అందరూ 70 శాతం అంటూ ఒక అంకెను పట్టుకుని వేలాడతారు. ఎన్ని డిగ్రీల దగ్గర 70 అని ఒక్కరూ అడగరు. 20 డిగ్రీల దగ్గర 70 శాతమంటే చెంబు నిండడానికి ఐదు గ్రాములే వెలితి. 35 డిగ్రీల దగ్గర 70 శాతమంటే బిందె నిండడానికి 12 గ్రాములు వెలితి. ఆకు నుంచి నీరు లాగేది ఆ వెలితే. మీటరు రెండు చోట్లా 70 అంటుంది, ఆకు మాత్రం రెండో చోట రెట్టింపు కంటే ఎక్కువ ఎండుతుంది. వెలితి మరీ పెరిగితే ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది. నీరు పోకుండా కాపాడుకుంటుంది గానీ కార్బన్ డయాక్సైడ్ కూడా లోపలికి రాదు, పెరుగుదల ఆగుతుంది. వెలితి బొత్తిగా లేకపోయినా చిక్కే. వేరు నుంచి ఆకుకు నీటి ప్రవాహం మందగిస్తుంది, దానితోపాటు రావలసిన కాల్షియం రాదు. టమాటా కాయ అడుగున నల్లమచ్చ పడడానికి అదొక కారణం. తేమ ఎంత ఎక్కువైతే అంత మంచిదనే మాటకు ఆ నల్లమచ్చే జవాబు.

ఇంతకంటే పాత సాక్ష్యం కావాలంటే 1829 నాటి లండన్‌కు పోదాం. నథానియల్ బాగ్‌షా వార్డ్ అనే వైద్యుడు ఒక సీసాలో తడిమట్టి పోసి, సీతాకోకచిలుక జాతి పురుగు గూడు ఒకటి అందులో పెట్టి మూత బిగించాడు. చూడాలనుకున్నది పురుగును. మట్టిలోంచి ఒక ఫెర్న్ మొక్క, కాస్త గడ్డి లేచాయి. ఇంటి పెరట్లో, ఫ్యాక్టరీల పొగలో, ఎన్నిసార్లు నాటినా చచ్చిన ఫెర్న్ అది. సీసాలో ఏళ్ల తరబడి బతికింది, పైనుంచి నీళ్లు పోసింది లేదు. మట్టి నుంచి లేచిన ఆవిరి గాజుకు తగిలి, చుక్కలై, మళ్లీ మట్టిలోకే దిగింది. 1833లో ఆయన అలాంటి గాజు పెట్టెలు రెండు ఓడలో సిడ్నీకి పంపాడు. నెలల తరబడి సముద్రం మీద, ఉప్పుగాలిలో సాగిన ప్రయాణంలో మొక్కలు నిలిచాయి. తర్వాత రాబర్ట్ ఫార్చ్యూన్ అనే ఆయన చైనా నుంచి వేల తేయాకు మొక్కలను హిమాలయాల దిగువ తోటలకు తెచ్చింది కూడా వార్డ్ పెట్టెల్లోనే. ఓడలో మంచినీళ్లు మనుషులకే కొలిచి పోసే రోజులవి. ఆ పెట్టెలో స్ప్రే బాటిల్ లేదు, పళ్లెం లేదు, హ్యుమిడిఫైయర్ మిషన్ లేదు. మూత ఒక్కటి గట్టిగా ఉంది.

ఎదుటివాళ్ల వాదన బలమైనదే, దాన్ని దాటేయను. "మూసిపెడితే బూజు పడుతుంది, గాలి ఆడక మొక్క ఉక్కిరిబిక్కిరవుతుంది. అందుకే ఫ్యాన్ తప్పదు, ఫ్యాన్ ఉంటే నీళ్లు తప్పవు" అంటారు. ఇందులో మొదటి సగం నిజం, అయితే అన్ని వయసుల మొక్కలకూ కాదు. నా పెట్టెలో ఉన్న గాలిలో కార్బన్ డయాక్సైడ్ గ్రాములో మూడో వంతు ఉంటుంది. రెండాకుల నారు ఒక చారెడు గంటకు తీసుకునేది మిల్లీగ్రాముల లెక్క. పొద్దున, సాయంత్రం తలుపు తీసి మూస్తే దానికి కావలసిన గాలి వచ్చేసినట్టే. అదే నారు మోకాలెత్తు మొక్కలై పెట్టె నిండితే గంటలోపే గాలి మార్చాలి, నిజమే. కానీ అప్పటికి తేమ బాధ ఎక్కడుంటుంది? మొక్క తాగిన నీళ్లలో నూటికి 95 పాళ్లకు పైగా ఆకుల్లోంచి ఆవిరిగానే పోతాయి. నాలుగు మొక్కలు రోజుకు తలా పావు లీటరు తాగితే పెట్టెలోకి లీటరు దాకా ఆవిరి వచ్చిపడుతుంది. మనం వెతుకుతున్నది చెంచాడు!

కాబట్టి సంగతి ఇలా తేలుతుంది. చిన్న మొక్కకు తేమ కావాలి, గాలి మార్పిడి పెద్దగా అక్కర్లేదు. పెద్ద మొక్కకు గాలి మార్పిడి కావాలి, తేమ తనే పుట్టించుకుంటుంది. నారు దశలో ఫ్యాన్ ఆపు, మొక్క ఎదిగేకొద్దీ కొంచెం కొంచెం వదులు. టిష్యూ కల్చర్ అరటి పెంచేవాళ్లను అడిగితే ఇదే చెబుతారు. సీసాలో చెమ్మకు అలవాటుపడిన పిల్లను ఒక్కసారిగా బయట పెడితే వాడిపోతుంది. ఆకు మీద మైనపు పూత సరిగా ఉండదు, రంధ్రాలు మూసుకోవడం ఇంకా నేర్వవు. అందుకని వారాల తరబడి మెల్లమెల్లగా బయటి గాలికి అలవాటు చేస్తారు. మనమేమో మొలిచిన రోజు నుంచి కోసే రోజు దాకా ఫ్యాన్ ఒకే వేగంతో తిప్పి, వాటి ముఖాన నీళ్లు చల్లుతుంటాం.

బూజు సంగతి చూస్తే, ఎక్కువ శిలీంధ్రాలకు కావలసింది ఆకు మీద నిలిచే తడి. ఆ తడి తెచ్చేది స్ప్రే బాటిలే. రోగానికి భయపడి మూత తీస్తారు, మూత తీసినందుకు గాలి ఎండుతుంది, గాలి ఎండిందని ఆకు తడుపుతారు, ఆకు తడిసిందని రోగం వస్తుంది. ఇంతకంటే చక్కటి గానుగ ఇంకొకటి లేదు, ఎద్దులం మనమే. లోపల గాలి కదలాలంటే చిన్న పంకను పెట్టె లోపలే పెట్టండి. లోపలి గాలిని లోపలే తిప్పుతుంది, ఆకు మీద చెమ్మ నిలవనివ్వదు, చెంచాడు తేమను బయటికి పోనివ్వదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. 30 డిగ్రీల దగ్గర 70 శాతం ఉన్న గాలి 24 డిగ్రీల దిగువకు చల్లబడితే మంచు కురిసినట్టు ఆకు మీద నీరు దిగుతుంది. వానాకాలంలో దీపం ఆరిపోయాక జరిగేది ఇదే. అప్పుడు తలుపు సందు వదలాలి, బయటికి తోసే ఫ్యాన్ తిప్పాలి. శ్రావణంలో మా ఊరి గాలే తడిబట్టలా ఉంటుంది. ఏడాది పొడుగునా ఒకే మందుచీటీ చదివేవాడు శ్రావణంలోనూ నీళ్లు కొడతాడు.

నీళ్లు నిజంగా పోయాల్సిన చోటు ఒకటి ఉంది, అది ఒప్పుకుంటాను. పుట్టగొడుగుల గది. ముత్యపుచిప్ప పుట్టగొడుగుకు 80 నుంచి 90 శాతం తేమ కావాలి. అది మొక్క కాదు, మనలాగే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, కాబట్టి గాలీ మారుతూ ఉండాలి. గాలి మారాలి, తేమ నిలవాలి, పుట్టించడానికి ఆకులు లేవు. అందుకే అక్కడ నేల మీద ఇసుక పరిచి తడుపుతారు, గోడలకు తడి గోనెపట్టాలు వేలాడదీస్తారు, రోజుకు రెండు మూడు సార్లు నీళ్లు చల్లుతారు. అక్కడి అలవాటే మొక్కల పెట్టెలోకి పాకిందేమోనని నా అనుమానం. పుట్టగొడుగుకు పథ్యమైనది మిరప నారుకు విషమైంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు, ఎంత కప్పినా పెట్టె చాలని రోజులు నాలుగైదు వస్తాయి. ఆ రోజులకు నేను వాడేది కూడా మిషన్ కాదు, గోనెగుడ్డ. జానెడు వెడల్పు గోనె పట్టీని పెట్టె లోపల పక్కగోడకు వేలాడదీసి, దాని కింది కొస ఒక గిన్నెలో మునిగేలా పెడతాను. నీరు గోనె పోగుల వెంట తనంత తానే పైకి పాకుతుంది. లోపలి పంక గాలి దానికి తగులుతుంది. ఒకే గిన్నెడు నీళ్లు పళ్లెంలో ఉంటే వెడల్పు జానెడు, గోనెకు ఎక్కితే ప్రతి పోగూ ఒక పళ్లెం. పైగా ఆవిరయ్యే ప్రతి గ్రాము నీరు గాలిలోని వేడిని కూడా తాగుతుంది. బిందె చెంబవుతూ నిండుతుంది. వారానికోసారి గోనెను మరిగే నీళ్లలో వేసి ఎండబెడితే వాసన రాదు.

మరి హ్యుమిడిఫైయర్ మిషన్ ఎందుకు వద్దు? నేనూ ఒకటి కొన్నాను. ఒక దుకాణంలో ఎంతో నమ్మకంగా చెప్పి అంటగట్టారు. మా బోరు నీళ్లు కాచిన గిన్నెకు నాలుగు రోజుల్లో తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ మిషన్ నీళ్లను ఆవిరి చేయదు, అదురుతో సన్నటి తుంపరగా చిమ్ముతుంది. నీళ్లలో ఉన్న సున్నమూ లవణాలూ తుంపరతోపాటే వచ్చి ఆకుల మీద, దీపం మీద, నా మీటరు మీద బూడిదలా పడ్డాయి. వారానికి పుదీనా విభూతి పూసుకున్నట్టయింది. ఫ్యాన్ మాత్రం ఆపలేదు కాబట్టి తేమ మళ్లీ 40 దాటలేదు. డబ్బు పోసి కొన్నది ఖరీదైన స్ప్రే బాటిల్, అంతే.

చివరిగా మీటరు సంగతి. చవక మీటర్లు ఐదు పాళ్లు అటూఇటూ చెప్పడం మామూలు, కొన్ని పది కూడా తప్పుతాయి. దాన్ని నమ్మి వైద్యం మొదలుపెట్టే ముందు మీటరుకే పరీక్ష పెట్టండి. సోడా మూతలో చెంచాడు ఉప్పు పోసి, ముద్ద అయ్యేంతే నీళ్లు చిలకరించి, మూత గట్టి స్టీలు డబ్బాలో మీటరుతోపాటు రాత్రంతా ఉంచండి. తడి ఉప్పు తన చుట్టూ గాలిని 75 శాతం దగ్గర నిలబెడుతుంది. పొద్దున మీటరు 75 అంటే నిజాయితీపరురాలు. 66 అంటే తొమ్మిది కలుపుకుని చదువుకోవాలి. నా మీటరు 68 అంది. ఒక ఎండాకాలమంతా నేను నీళ్లు కొట్టి పూడ్చబోయిన లోటులో ఏడు పాళ్లు అసలు లేనివి.

మరుసటి ఏడాది మే నెలలో పెద్దమ్మ మళ్లీ వచ్చింది, కొత్తిమీరకే. పెట్టె వెనక ఫ్యాన్ ఆగి ఉంది. లోపల గోనె పట్టీ, దాని పక్కన అరచేతంత పంక. దీపం డ్రైవర్ డబ్బా బయటి గోడకు బిగించి ఉంది. స్ప్రే బాటిల్ ఇస్త్రీ బల్ల మీదికి మారింది. మీటరు అంకె చూపించి, తప్పు కలుపుకుంటే ఇన్ని పాళ్లు అని లెక్క చెప్పబోయాను. వినలేదు. తలుపు తీసి చేయి లోపల పెట్టి, వేళ్లు ఒకసారి ముడిచి చాచింది.

"మంచిగున్నది. ఆకు పెడితె పొద్దుగాల కత్తెరకు అందుతది," అని రెండు కట్టలు తెంపుకుని, మరిచిపోకుండా తలుపు వేసి పోయింది.